ఎండల్లో పొంగే నదుల సారు

చచ్చిపోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకుంది. దాన్ని దాచను. నాకు సంతకం పెట్టేంత వరకే చదువు వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్య మధ్యలో పెన్ను ఆపి, ఈ మాట కూడా రాయాలా అత్తా అంటోంది. రాయమంటున్నాను.

పోయిన నెలలో పని మీద హిందూపురం పోయాను. బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తింటుంటే గోడ మీది టీవీలో పాత సినిమా పాట వస్తోంది. హీరో కోటు తొడుక్కున్నాడు. ఆ పిల్లకు మాత్రం పలచటి చీర కట్టి మంచులో నిలబెట్టారు. వాళ్ల వెనక పసరు కలిపిన పాల మాదిరి నీళ్లు పరుగెత్తుతున్నాయి. నా నోరు నన్నడగకుండానే, ఆరే నది, అనేసింది. గట్టిగానే అన్నట్టున్నాను. పక్క బల్ల దగ్గర తింటున్న కండక్టరు తలెత్తాడు.

"నువ్వూ నదుల సారు శిష్యురాలివేనా అక్కా?"

"శిష్యురాలిని కాదప్పా. ఆయప్ప చేతిలో పడి లేచినదాన్ని."

అతను నవ్వబోయి ఆగాడు. సారు పోయి తొమ్మిది దినాలైందనీ, ఎల్లుండి పెనుకొండలో పెద్దదినం పెడుతున్నారనీ చెప్పాడు. తుంచిన ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. కోపం వచ్చింది. పదిహేనేళ్ల కిందటి కోపం, పొద్దున పుట్టినంత వేడిగా.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. పెనుకొండ చుట్టుపక్కల ఆయన నదుల సారే. బడిలో సోషల్ చెప్పేవాడు. లోకంలో ఇన్ని దేశాలుంటే ఆయన స్విట్జర్లాండ్ అనే ఒక్క కొండల దేశాన్ని పట్టుకున్నాడు, అందులోనూ నదుల్ని పట్టుకున్నాడు. రైన్, రోన్, ఆరే, రూస్, ఇన్, టిసినో. ఈ ఆరు పేర్లు నోటికి రాకుండా ఆయన బడి నుంచి ఒక్కడూ బయటపడలేదు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తుందా అంటే రాదు. మా ఆయన ఆ బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. చదివిందంతా మడకలో పోయింది, ఆ ఆరు పేర్లు మాత్రం పోలేదు. మడక దున్నేటప్పుడు ఎద్దుల పది అడుగులకు ఒక పేరు చొప్పున అనుకుంటూ పోయేవాడు. టిసినో దగ్గరకొచ్చేసరికి సాలు చివర. మళ్లీ మలుపు తిరిగితే రైన్. కాపురానికి వచ్చిన కొత్తలో అవి ఎద్దుల పేర్లనుకున్నాను.

నేను సారును మొదట చూసింది హిందూపురం సినిమా హాల్లో. ఆ ఏడాది వానలు బాగా పడి చెనక్కాయలు బాగా పండాయి. పిల్లోణ్ణి మా అత్త దగ్గర వదిలి, మా ఆయన నన్ను సినిమాకు పిలుచుకొని పోయాడు. సగం సినిమా అయ్యాక మంచు కొండల్లో పాట మొదలైంది. ముందు వరసలో ఒక సన్నటి మనిషి లేచి నిలబడ్డాడు. చేతిలో గొడుగు. ఆ గొడుగును తెర వైపు చాపి, "రూస్. ఇది రూస్ నది. కొండ దిగుతాండాది చూడండి. ఇంకొంచెం దూరం పోతే పెద్ద చెరువులో పడ్తాది" అని పాఠం మొదలుపెట్టాడు. గొడుగు నీడ హీరోయిన్ నడుం మీద పడింది. వెనకనుంచి కేకలు. "కూర్చో సారూ, నీ నది యాడికీ పోదు, ఆ యమ్మ పోతాది" అని ఎవరో అంటే హాలంతా నవ్వింది. సారు కూర్చోలేదు. పాట అయ్యేదాకా నిలబడి, అయిపోగానే గొడుగు చంకలో పెట్టుకొని బయటికి వెళ్లిపోయాడు. మిగతా సినిమాతో ఆయనకు పని లేదు. మా ఆయన నా చెవిలో, మా సారు, అన్నాడు. ఆ గొంతులో సిగ్గూ ఉంది, గొప్పా ఉంది.

ఆయనకు పెళ్లి లేదు. పెనుకొండలో తమ్ముని ఇంటి వెనక ఒక గదిలో ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క. ఎక్కడ చదును కనిపిస్తే అక్కడ ఆ దేశాన్ని గీసేవాడు. బస్సు సీటు వెనక, కల్లం బండ మీద, పెండ్లింటి అరుగు మీద. నడిమధ్యన ఒక కొండ గీసి, దాని చుట్టూ నాలుగు నదులు పుట్టించి, ఒకటి అటు ఒకటి ఇటు తోలేవాడు. ఒకే కొండ దగ్గర పుట్టి తలా ఒక దిక్కుకు పోతాయంట. రైన్ ఉత్తరంగా పోయి చలి సముద్రంలో పడుతుందంట. రోన్ పెద్ద చెరువులో దూరి, అవతలి గట్టున మళ్లీ బయటికొచ్చి పడమరగా పోతుందంట. టిసినో దక్షిణంగా ఇటలీలోకి. రూస్ పోయి ఆరేలో, ఆరే పోయి రైన్‌లో. ఇన్ మాత్రం వేరే కొండల్లో పుట్టి తూర్పుగా ఇంకో దేశం పోతుందంట. గీసింది ఆయన ఎప్పుడూ చెరిపేవాడు కాదు. వానొచ్చి చెరపాల్సిందే. మాకు వాన ఎప్పుడొస్తుంది? అందుకని నెలల తరబడి ఆ దేశం మా బండల మీద అట్లే ఉండేది.

ఇంకో అలవాటు. నీళ్లు ఎక్కడ కదిలినా, ఇవి యాడికి పోతాయి అని అడిగేవాడు. పెండ్లి బంతిలో చేతులు కడుక్కున్న నీళ్లు, ఇంట్లో స్నానం చేసే జాలారి నుంచి వచ్చే నీళ్లు, ఎద్దుల తొట్టి పొర్లిన నీళ్లు, దేనికైనా అదే ప్రశ్న. మునగచెట్టు కిందికి పోతాయి సారూ, అంటే, ఆడ్నించి, అనేవాడు. ఆడ్నించి ఎక్కడికీ పోవు, ఇంకిపోతాయి అంటే మొహం మాడ్చుకునేవాడు.

ఆ దేశమే ఎందుకు సారూ అని నేనొకసారి అడిగాను. "ఏదో ఒకటి పూర్తిగా తెల్సుండాల గదమ్మా. అన్నీ సగం సగం తెల్సుకొని ఏం జేస్తాం?" అన్నాడు. ఆయన బెంగుళూరు దాటి ఎరగడు.

రిటైరయ్యాక ఆయన నీళ్లు చూసే పనిలో పడ్డాడు. మా సీమలో బోరు వేయాలంటే ముందు ఒక మనిషి వచ్చి ఎక్కడ వేయాలో చూపించాలి. ఒకడు వేపపుల్లతో చూస్తాడు, ఒకడు రాగి తీగలతో. సారు టెంకాయతో చూసేవాడు. పిలక ముందుకుండేటట్టు టెంకాయను అరచేతిలో పండబెట్టుకొని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట అది దానంతట అది లేచి నిలబడుతుంది. నేను కళ్లారా చూశాను, వేరేవాళ్ల చేలల్లో. డబ్బు ముట్టేవాడు కాదు. ఒక చెంబు మజ్జిగ తాగేవాడు, అంతే.

ఆ టెంకాయ పట్టే ముందు కలశం పెట్టి, చెంబు నీళ్లలోకి నదుల్ని పిలవడం మా దగ్గర ఆనవాయితీ. గంగా యమునా గోదావరీ అని అందరూ పిలుస్తారు. ఈయన చెంబు మీద చెయ్యి పెట్టి, రైన్, రోన్, ఆరే, రూస్, ఇన్, టిసినో అనేవాడు. మా ఊరి పెద్దాయన ఒకాయన పట్టుకొని కడిగేశాడు, మన గంగమ్మ చచ్చిందా సారూ, ఆ దొరల నదులెందుకు అని. సారు తాపీగా చెప్పాడు: "గంగమ్మను అందురూ పిల్చి పిల్చి ఆయమ్మకు ఇసుగొచ్చింటాదప్పా. పెన్నను పిల్చుదామంటే ఇసుక. చిత్రావతి ఇసుక. ఇద్దురు అక్కచెల్లెండ్లూ నందికొండ కాడ పుట్టి మన దాకా వచ్చేసరికి ఎండిపోయినారు. నీళ్లుండే ఇంటికే గదా చెంబు తీసుకపోతాం?"

పెద్దాయనే చెంబు నింపి తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. మాది పెనుకొండకూ ధర్మవరానికీ మధ్యలో చిన్న ఊరు. మూడెకరాల చేను. వాన పడితే చెనక్కాయ, పడకపోతే గడ్డి కూడా లేదు. మా ఆయన రెండు బోర్లు వేయించాడు, రెండూ పోయాయి. ఎవరో వేపపుల్ల మనిషి చూపించిన చోట్లు అవి. మూడో బోరుకు సారును పిలుస్తానని అనుకుంటూనే కామెర్లు వచ్చి పన్నెండు దినాల్లో పోయాడు. పోయేముందు ఒకటే మాట పట్టుకున్నాడు, చేను అమ్మొద్దు, సారును పిలువు, అని.

నా దగ్గర మిగిలింది ఒక్కటే. మెడలో నుంచి తీసేసిన తాళిబొట్టు బంగారం. దాన్ని గుడ్డలో కట్టి గింజల కుండలో పెట్టాను. ఒక్క బోరుకు సరిపోతుంది. రెండోదానికి ఏమీ లేదు. నీళ్లు పడితే మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపి, గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేసుకొని, పిల్లోణ్ణి కళ్ల ముందు పెట్టుకొని బతకొచ్చు. పడకపోతే ఊరు వదిలి కూలికి పోవాలి. నా బతుకంతా ఒక టెంకాయ మీద ఉంది. ఈ సంగతి సారుకు మొదటి రోజే చెప్పాను.

మాఘమాసంలో వచ్చాడు. చెంబు మీద చెయ్యి పెట్టి ఆరు పేర్లూ చెప్పాడు. ఆ పేర్లు విని నాకు ఏడుపొచ్చింది, మా ఆయన గొంతు విన్నట్టుండి. తర్వాత టెంకాయ అరచేతిలో పెట్టుకొని మూడెకరాలూ నడిచాడు. నేను వెనకాలే నడిచాను. ఆయన ముందుండడం వల్ల నాకు టెంకాయ కనిపించలేదు, ఆయన చొక్కా వెనక చెమట మాత్రం కనిపించింది. గట్టు దగ్గరికొచ్చి, ఇంకోసారి చూద్దాంలేమ్మా, అన్నాడు. మజ్జిగ తాగాడు. గట్టు మీద పెద్ద బండ ఉంది, దాని మీద ఆ దేశాన్ని గీశాడు. గంటసేపు రోన్ గురించి చెప్పాడు. వెళ్లిపోయాడు.

ఉగాది దాటినాక మళ్లీ వచ్చాడు. మళ్లీ నడిచాడు. ఇంకోసారి, అన్నాడు. ఈసారి టిసినో.

మూడోసారి వచ్చింది నడి ఎండాకాలంలో. ఊర్లో తాగడానికి నీళ్లు లేక రెండు మైళ్లు బిందెలు మోస్తున్నాం. నడిచి నడిచి వచ్చి బండ మీద కూర్చున్నాడు. మళ్లీ అదే పటం మీద సుద్ద దిద్దుతూ, ఇప్పుడు ఆరే నది నిండుగా పారుతుంటుందమ్మా, అన్నాడు. ఆ కొండల మీద మంచు కరిగేది ఎండల్లోనే కాబట్టి ఆ నదులకు ఎండాకాలమే పొంగంట. ఎండ ఎంత కాస్తే అంత నీళ్లంట.

అప్పటికే నా తల కాగి ఉంది. ఎండాకాలంలో పొంగే నది ఉంటుందని చెబితే మా ఊర్లో కుక్క కూడా నమ్మదు. ఎవరికి చెబుతున్నావీ కతలు అనిపించింది. అయినా సారు కదా, గొంతు తగ్గించుకొని అడిగాను.

"సారూ, ఆ నదులు పొంగితే పొంగనీ. నా చేన్లో యాడ వేయాల చెప్పు."

"వానలు పడనీమ్మా."

"వానలు పడితే నాకు బోరెందుకు సారూ?"

ఆయన సుద్దముక్క జేబులో పెట్టుకొని, ఆరే నది పరాయి దేశం పోదమ్మా, పుట్టింది ఆడే, కలిసేది ఆడే, అన్నాడు. నేనడిగిందేమిటి, ఆయన చెప్పేదేమిటి. గోడకు చెప్పుకున్నా గోడ ఇంకో నది పేరు చెప్పదు కదా. ఆ రోజు ఆయన బస్సెక్కిపోయాక, మజ్జిగ చెంబు తీసి బండకేసి కొట్టాను. చెంబు సొట్ట ఇప్పటికీ ఉంది.

ఇక ఆగలేదు. హిందూపురం నుంచి రాగి తీగల మనిషిని పిలిపించాను. వచ్చాడు. చెప్పులు విప్పకుండా చేన్లో దిగాడు. పది నిమిషాల్లో ఒక చోట రాయి పెట్టి, ఈడ వేసుకో, మూడించుల నీళ్లు, అన్నాడు. అదీ మాటంటే అనిపించింది. అట్లా కుండ పగలగొట్టినట్టు చెప్పేవాడి కోసం నేను ఎన్ని నెలలు కాచుకున్నాను! గింజల కుండలో నుంచి గుడ్డముడి తీశాను.

బోరు బండి వచ్చింది. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి నాలుగు వందల అడుగులు. మొదట ఎర్రమట్టి, తర్వాత బూడిద రంగు, తర్వాత తెల్లటి దుమ్ము. తెలుపు తప్ప ఇంకేం రాలేదు. తడి అన్నది లేదు. నా తల, నా చీర, గట్టు, బండ, బండ మీది దేశం, అన్నీ తెల్లగా అయ్యాయి. బండివాళ్లు పైపులు ఎత్తుకొని, ఏం జేస్తాంలేమ్మా, అని వెళ్లిపోయారు. ఆ బొక్కలో పిల్లలు పడతారని నేనే రాయి దొర్లించి మూశాను.

మర్నాడు సారు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. గొడుగు వేసుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. ఆ దుమ్మును చేత్తో తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. చూసి, ఒక్కటే రాయమ్మా, పరుపు మాదిరి మూడెకరాల కిందా పరిచినట్టుంది, అన్నాడు.

ఆ చెప్పే తీరులో నాకు అర్థమైంది. ఆయన కొత్తగా తెలుసుకోవడం లేదు.

"నీకు ముందే తెల్సునా సారూ?"

ఆయన వేళ్ల దుమ్ము దులుపుకున్నాడు.

"టెంకాయ లేసిందా, లేదా?"

"లేయలేదమ్మా."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లూ లేయలేదు."

చేన్లో ఇంకెవరూ లేరు. ఆయనంటే వయసులో పెద్ద, మా ఆయనకు చదువు చెప్పినవాడు. ఆ పొద్దు నాకు ఏదీ అడ్డం రాలేదు.

"మొదటి దినమే ఒక్క మాట చెప్పింటే ఏం సారూ? నీళ్లు లేవమ్మా అని. పరదేశం నదులు ఆరూ తిరుగుతాయి నీ నోట్లో. లేవు అనే మాట తిరగదా?"

సారు బండ వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు: "ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు యాడ నీళ్లుండాయో చెప్పినానమ్మా. లేవని చెప్పే పాఠం నాకు రాదు. నువ్వు నా మొగం చూస్తాంటే అసలు రాలేదు. వానకాలం దాకా నిన్ను ఎట్లో ఆపితే, నీ మనసు మారి ఆ బంగారమన్నా మిగుల్తాదనుకొన్నా."

అంటే ఆ నదులన్నీ నన్ను ఆపడానికి! నేను పిచ్చిదాని మాదిరి కూర్చొని విన్న రోనూ, టిసినో, ఎండల్లో పొంగే ఆరే, అన్నీ ఒక్క మాట చెప్పలేక అడ్డం పెట్టుకున్న కట్టలు. వాటిని విని విని విసుగెత్తే కదా నేను ఆ రాగి తీగలవాణ్ణి పిలిచింది! ఆయన ఆపాలనుకున్నదే నన్ను తోసింది. ఆ మాట ఆయనకు చెప్పాను. నీ నదులు నువ్వు తీసుకొని పో సారూ, నా చేన్లో పెట్టొద్దు, అన్నాను.

భుజం మీది టవలు తీశాడు. వంగి, బండ మీది పటాన్ని తుడిచాడు. ఆయన గీసింది ఆయనే చెరపడం నేను చూడటం అదొక్కసారే. అయితే బండంతా బోరు దుమ్ము, టవలంతా సుద్ద. ఎంత తుడిచినా తెలుపే. కాసేపటికి వదిలేసి, మజ్జిగ తాగకుండా వెళ్లిపోయాడు.

నేను పిల్లోణ్ణి తీసుకొని ధర్మవరం చేరాను. మగ్గాలున్న ఒక ఇంట్లో పట్టు దారం కండెలకు చుట్టే పని. వేళ్లు కోసుకుపోయేవి. చేను అమ్మలేదు, కొనేవాడు లేడు కాబట్టి. పిల్లోడు ఎట్లో చదువుకున్నాడు, ఉద్యోగం వచ్చింది, ఈ కోడలొచ్చింది. అదంతా వేరే కత. ఈ పదిహేనేళ్లలో సారు నాకు రెండు మూడుసార్లు బస్సులో ఎదురుపడ్డాడు. నన్ను చూస్తే ముందు సీట్లోకి పోయి కూర్చునేవాడు. ఆయన తల వెనక భాగం చూస్తూ పెనుకొండ నుంచి ధర్మవరం దాకా నేను నా మాటలన్నీ మనసులోనే అనేదాన్ని. ఆయన దిగిపోయాక సీటు వెనక చూస్తే సుద్ద గీత ఉండేది కాదు. అది కూడా మానేశాడని నాకు ఇంకా మండేది.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే నేనూ సారు మాదిరి అవుతాను. నాలుగేళ్ల కిందట మా ఊరి ఓబుళమ్మ ధర్మవరం వచ్చి నన్ను కలిసింది. దాని చేను నా చేనుకు ఆనుకొని ఉంది. బోరు వేయాలనుకుంటున్నాం, నీకు తెలుసు కదా ఆ భూమి సంగతి, ఏమంటావు, అని అడిగింది. నేను ఒక్క నిమిషం కూడా నాన్చలేదు. "లేవు ఓబుళా. కింద ఒక్కటే రాయి. వేయొద్దు" అన్నాను. అట్లా చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. చూడు సారూ, ఇంతే కదా పని అనుకున్నాను.

ఓబుళమ్మ మొహం ముడుచుకొని వెళ్లింది. బోరు వేయించింది. దుమ్ము వచ్చింది. ఆ వారంలోనే ధర్మవరం వచ్చి, మగ్గాలన్నీ ఆగిపోయేటట్టు నా మీద అరిచింది. ముండమోసినదాన్ని శుభమా అని అడిగితే లేవు అన్నాననీ, ఆ నోటి మాటే తగిలిందనీ, దాని చేన్లో నీళ్లుండేవనీ, నేనే ఎండగొట్టాననీ. ఊర్లో కూడా అదే మాట నిలిచింది. ఇప్పుడు మా ఊర్లో కొత్త పని ఏది మొదలుపెట్టినా, ముందు నేను ఊర్లో ఉన్నానా లేదా అని చూసుకుంటారు.

సారు నిజం దాచి మంచోడై పోయాడు. నేను నిజం చెప్పి అపశకునమయ్యాను. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. తెలిసినంత మాత్రాన కోపం పోయిందా అంటే పోలేదు. ఆయన మగవాడు, సారు. ఆయన నోటి నుంచి వస్తే దాన్ని ఎవరూ శాపమనరు. అంత సుళువుగా చెప్పగలిగినవాడు చెప్పలేదు. అదీ నా మంట.

రెండు దినాల తర్వాత పెనుకొండ పోయాను. నన్నెవరూ పిలవలేదు. చావుకు పిలుపులుండవు కదా. కొండ కింద వాళ్ల చేను గట్టు మీద పెద్దదినం. సారు తమ్ముడు తడిబట్టతో కూర్చున్నాడు. అయ్యవారు కలశం పెట్టి గంగా యమునా గోదావరీ అని నదుల్ని పిలిచాడు. పాత శిష్యులు ముప్పై మంది దాకా ఉన్నారు, కండక్టరు కూడా ఉన్నాడు. విస్తరిలో అన్నం, వడలు, మజ్జిగ పెట్టి, అందరూ దూరంగా జరిగి కాకి కోసం చూస్తున్నారు. పోయినవాళ్లకు తీరని కోరిక ఏదైనా ఉంటే కాకి ముట్టదు. అది తీరుస్తామని మాటిస్తే వచ్చి ముడుతుంది.

కరెంటు తీగ మీద నాలుగు కాకులున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. తమ్ముడు చేతులు జోడించి, నీ పుస్తకాలు బడికిచ్చేస్తాన్నా, అన్నాడు. కదల్లేదు. నీ గది అట్లే పెడతానన్నాడు. కదల్లేదు. ఏటేటా పిల్లోళ్లకు పలకలు పంచుతానన్నాడు. ఎండ నెత్తి మీదికొచ్చింది. తమ్ముడు తలపట్టుకున్నాడు. 

అప్పుడు కండక్టరు అన్నాడు, ఆ నదులు పిలవలేదు కదా, అందుకేనేమో అని. అందరూ గొంతు కలిపి బడిపిల్లల్లాగా అందుకున్నారు. రైన్, రోన్, ఆరే, రూస్, ఇన్, టిసినో. తలలు నెరిసినవాళ్లు, పొట్టలొచ్చినవాళ్లు, అందరూ. నేనూ అన్నాను. మా ఆయన ఉండి ఉంటే ఆయన గొంతూ అందులో ఉండేది. రెండుసార్లు చెప్పారు. కాకులు అట్లే ఉన్నాయి.

ఆయనకు తీరనిది ఏదో అక్కడున్న వాళ్లలో నాకు ఒక్కదానికే తెలుసు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, తట్టగానే ఒళ్లు మండింది. బతికున్నప్పుడు నా నెత్తిన పెట్టింది చాలక, పోయాక కూడా నా నోటితోనే పని పడిందే అనిపించింది. కొంగు బిగించి ముందుకు నడిచాను. ఎవరీమె అని తమ్ముడు అడుగుతుంటే ఆగలేదు. విస్తరి దగ్గరకు పోయి వంగాను. ఆయనకు వినిపించేంత మెల్లగా, ఇంకెవరికీ వినిపించకుండా అన్నాను.

"నీళ్లు లేవు సారూ. నా చేన్లో లేవు, ఓబుళమ్మ చేన్లో లేవు. నీ బదులు నేనే చెప్తాండా. నువ్వింక చెప్పాల్సిన పన్లేదు. పో."

అని లేచి వెనక్కి తిరిగాను. కొంచెం దూరం నడిచాక నా వెనకాల జనం కదిలిన అలికిడి వినిపించింది. కాకి దిగిందో, విసిగి అందరూ లేచారో నేను తిరిగి చూడలేదు. ధర్మవరం బస్సుకు టైమయింది.